పన్ను క్యాప్ ఎందుకు పగులుతుంది? మంటకీ గీతకీ మధ్య 250 ఏళ్ళ కథ

ఈ వారం ఎపిసోడ్ పళ్ళ గురించి. బ్రష్ ఎలా చేసుకోవాలి, ఏ పేస్ట్ మంచిది, ఆ టైపు కాదు. రూట్ కెనాల్ అయ్యాక పన్ను మీద తొడుగుతారు చూడండి, తెల్లటి క్యాప్, దాని చరిత్ర. కామెంట్లలో చాలామంది ఒకటే అడుగుతున్నారు: "అన్నా, జిర్కోనియా క్యాప్ వేయించుకుంటే జీవితాంతం ఉంటుందా?" అని.

ఉంటుందా ఉండదా అన్నది ఒక్క పదార్థం పేరు చూసి తేలదు. దాన్ని ఎంత వేడిలో ఎంతసేపు కాల్చారు, ఎంత నెమ్మదిగా చల్లార్చారు, ఆ తర్వాత దాని పైపొరని ఎవరు ఎలా గీకారు, వీటన్నిటి మీదా ఆధారపడి ఉంటుంది. ఈ సంగతి మనుషులకి పూర్తిగా అర్థం కావడానికి రెండొందల ఏళ్ళు పైనే పట్టింది. మధ్యలో కొన్ని వందల మంది ఒంట్లో పెట్టిన సెరామిక్ ముక్కలైపోయింది కూడా. అక్కడికి వస్తాను. ముందు పారిస్ వెళ్దాం.

1774 ప్రాంతం. పారిస్ పక్కన ఒక ఊళ్ళో అలెక్సిస్ డుషాటో అని మందులు తయారుచేసే ఆయన ఉండేవాడు. ఆయనవి కట్టుడు పళ్ళు. ఆ రోజుల్లో కట్టుడు పళ్ళంటే నీటిగుర్రం దంతంతోనో ఏనుగు దంతంతోనో చెక్కినవి. చచ్చిపోయినవాళ్ళ పళ్ళు పీకి బిగించడం కూడా ఉండేది. తర్వాత 1815లో వాటర్లూ యుద్ధం అయ్యాక, చనిపోయిన సైనికుల పళ్ళని ఏరి అమ్మారు. వాటికి "వాటర్లూ పళ్ళు" అనే పేరే పడిపోయింది. సరే, మన డుషాటో సంగతి. దంతం అంటే జంతువు శరీరంలో భాగమే కదా. నోటి తడికి రంగు మారుతుంది, కుళ్ళుతుంది, కంపు కొడుతుంది. ఈయన పనేమో రోజంతా మందులు నూరడం, కలపడం. ఆ వాసనలన్నీ ఈయన పళ్ళకి పట్టేవి. కొట్లో ఉన్న పింగాణీ గిన్నెలకి మాత్రం ఏ మరకా అంటదు, ఏ వాసనా పట్టదు. మరి పళ్ళే పింగాణీతో చేస్తే?

పారిస్‌లోని ఒక పింగాణీ ఫ్యాక్టరీకి వెళ్ళి చేయించుకున్నాడు. మొదటిసారే దెబ్బ తగిలింది. బట్టీలోంచి తీసేసరికి పళ్ళ సెట్టు నోటికి పట్టలేదు, కుంచించుకుపోయింది. కుమ్మరి ఆవంలో పెట్టిన కుండ కూడా ఇంతే, పచ్చిగా ఉన్నప్పటికంటే కాలాక చిన్నదవుతుంది. పొడి రేణువుల మధ్య ఉన్న ఖాళీలు వేడికి మూసుకుపోతాయి, వస్తువు బిగుసుకుంటుంది. కుండ కాస్త చిన్నదైతే ఎవరికీ పట్టదు. చిగురు మీద కూర్చోవాల్సిన పళ్ళ సెట్టు కాస్త తేడా వచ్చినా పనికిరాదు. డుషాటో నికొలా డుబోయ్ డి షెమాఁ అనే దంతవైద్యుడిని కలుపుకుని, మట్టి పాళ్ళు మార్చి, తక్కువ వేడిలో కాలేలా చేసి, ఎలాగో నోటికి పట్టే సెట్టు సాధించాడు.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. పేరూ డబ్బూ డుబోయ్‌కి పోయాయి. 1788లో ఆయన దీని మీద పుస్తకం వేశాడు, 1789లో పదహారో లూయీ రాజు దగ్గర పేటెంటు తీసుకున్నాడు. ఆ ఏడాదే ఫ్రాన్స్‌లో విప్లవం. ఆయన ఇంగ్లండు చేరుకుని అక్కడా పేటెంటు సంపాదించాడు. అక్కడ ఆయనకి పింగాణీ ముద్ద సరఫరా చేసింది ఎవరో తెలుసా? వెడ్జ్‌వుడ్. ఖరీదైన టీ కప్పుల కంపెనీ. 1811లో థామస్ రోలండ్‌సన్ అనే కార్టూనిస్టు ఈ పళ్ళ మీద ఒక బొమ్మ వేశాడు. స్క్రీన్ మీద చూడండి: ఒక లావుపాటి ఆవిడ నోరు బార్లా తెరిచి ఉంది, డాక్టరు ఆ మెరిసే తెల్లటి పళ్ళని చూపిస్తున్నాడు. ఇన్‌స్టాలో "స్మైల్ మేకోవర్" రీల్స్ చూస్తుంటారు కదా, ఇది వాటి తాతమ్మ అనుకోండి.

ఆ పింగాణీ పళ్ళు కుళ్ళలేదు, కంపు కొట్టలేదు. కానీ పగిలేవి. పింగాణీ పళ్ళ చరిత్ర అంతా ఈ ఒక్క "పగలడం" చుట్టూనే తిరిగింది.

ఎందుకు పగులుతాయి? ఇది అర్థం కావాలంటే ఫొటో ఫ్రేములు కట్టే షాపుకి వెళ్ళండి. ఆయన అద్దం ఎలా కోస్తాడో గమనించండి. రంపంతో కోయడు. స్కేలు పెట్టి కటర్‌తో పైన సన్నటి గీత గీస్తాడు, రెండు చేతులతో పట్టుకుని కొంచెం వంచుతాడు, టక్కున సరిగ్గా గీత మీదే విరుగుతుంది. గీత లోతు ఎంత? అద్దం మందంలో ఎన్నో వంతో కూడా చెప్పలేం. అయినా మొత్తం అద్దం దానికి లొంగిపోతుంది.

దీని వెనకున్న లెక్కని 1921లో ఎ.ఎ. గ్రిఫిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు రాశాడు. ఆయన పనిచేసేది విమానాల పరిశోధనా కేంద్రంలో, పళ్ళతో ఏ సంబంధమూ లేదు. ఆయన చెప్పింది ఏమిటంటే, గాజులోని అణువుల బంధాల్ని బట్టి చూస్తే గాజు చాలా బలంగా ఉండాలి. వాస్తవంలో అందులో ఎంతో తక్కువ బలమే కనిపిస్తుంది. కారణం, దాని మీద కంటికి కనబడని సన్నటి బీటలు. లాగినప్పుడు ఒత్తిడి అంతా ఆ బీట కొసలో పోగవుతుంది. ఇనుము అయితే ఆ కొస దగ్గర కాస్త సాగి సర్దుకుంటుంది. గాజుకీ పింగాణీకీ సాగే గుణం లేదు. అందుకే బీట అలా పరిగెడుతుంది. నొక్కితే మాత్రం పింగాణీ చాలా తట్టుకుంటుంది, ఎందుకంటే నొక్కినప్పుడు బీట మూసుకుంటుంది. లాగితేనే ప్రమాదం.

ఇంకోటి కూడా ఉంది. తేమ. బీట కొసలో నీటి అణువు చేరిందంటే అక్కడి బంధాన్ని తెంచడానికి సాయం చేస్తుంది. అంటే తడిలో ఉన్న గాజు, తక్కువ బరువుకే, నెమ్మదిగా, ఏళ్ళ తరబడి బీటలు పెంచుకుంటూ పోతుంది. మన నోరు ఎప్పుడూ తడే, పైగా రోజంతా నమలడం. "మూడేళ్ళు బాగానే ఉంది సార్, నిన్న ఇడ్లీ తింటుంటే ఊడొచ్చింది" అంటారు. పాపం ఇడ్లీ ఏం చేసింది? ఆ బీట మూడేళ్ళుగా నడుస్తూనే ఉంది, చివరి అడుగు ఇడ్లీ రోజున పడింది.

ఇప్పుడు అమెరికా, డిట్రాయిట్. చార్లెస్ లాండ్ అనే డెంటిస్టు పన్ను అచ్చు మీద పలచటి ప్లాటినం రేకు చుట్టి, దాని మీద పింగాణీ పొడి పేర్చి, కాల్చి, ఆఖర్న రేకు లాగేసేవాడు. 1903లో వచ్చిన ఈ "జాకెట్ క్రౌన్" చూడటానికి అచ్చం పన్నులాగే ఉండేది. ముందు పళ్ళకి ఫర్వాలేదు గానీ దవడ పళ్ళ మీద నిలిచేది కాదు. పక్క మాట ఒకటి: 1927లో ఒక్కడే విమానం నడుపుతూ అట్లాంటిక్ దాటిన చార్లెస్ లిండ్‌బర్గ్ ఈయన కూతురి కొడుకే.

దవడ పళ్ళకి దారి దొరికింది 1962లో. వైన్‌స్టైన్, కాట్జ్ అనేవాళ్ళు లోహం మీద పింగాణీ అతికించే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. మన అమ్మానాన్నల తరం వాళ్ళకి "మెటల్ సెరామిక్ క్యాప్" అని వేసినవి ఇవే. చిగురు దగ్గర కొంచెం నల్లగా కనబడేవి.

ఇందులో ఉన్న అసలు తెలివి లోహంలో లేదు, చల్లార్చడంలో ఉంది. దానికి మనింట్లోనే ఉదాహరణ ఉంది, ఆవకాయ జాడీ. జాడీ మీద మెరిసే పూత ఉంటుంది కదా. బట్టీలోంచి తీశాక లోపలి మట్టీ పైపూతా రెండూ చల్లబడుతూ కుంచించుకుంటాయి. పూత ఎక్కువ కుంచించుకుంటే? కింద మట్టి కదలనివ్వదు కాబట్టి పూత లాగబడి, సాలెగూడులా సన్నటి బీటలు పడతాయి. పాత జాడీల మీద చూసే ఉంటారు. అదే పూత మట్టి కంటే కొద్దిగా తక్కువ కుంచించుకునేలా చేశారనుకోండి, మట్టి దాన్ని నొక్కి పట్టి ఉంచుతుంది. నొక్కి ఉన్న పైపొరలో బీట తెరుచుకోదు. ఆ పేటెంటులో ఉన్న కిటుకు ఇదే. మామూలు పింగాణీ లోహం కంటే మరీ తక్కువ కుంచించుకుంటుంది, అంత తేడా ఉన్నా ఊడిపోతుంది. అందుకని లూసైట్ అనే స్ఫటికాలు పెంచి, లోహం కంటే ఒక్క పిసరు తక్కువ కుంచించుకునేలా సరిచేశారు. ఇంతే తేడా. దీని మీద కోట్ల క్యాపులు నిలబడ్డాయి.

మీ చేతిలో ఉన్న ఫోను అద్దం కూడా దీని చుట్టమే, తెలుసా? 1960ల మొదట్లో అమెరికాలో ఒక పద్ధతి బయటికొచ్చింది. గాజుని సుమారు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం ఉప్పులో ముంచుతారు. గాజు పైపొరలోని చిన్న సోడియం అయాన్లు బయటికి వచ్చి, వాటి చోట్లో పెద్ద పొటాషియం అయాన్లు దూరతాయి. పండగ బస్సులో ఒకరి సీట్లో ఇద్దరు ఇరుక్కున్నట్టు అనుకోండి. పైపొర అంతా నొక్కుకుని ఉంటుంది. కార్నింగ్ కంపెనీ 1962లోనే ఇలాంటి గాజు చేసింది గానీ పెద్దగా గిరాకీ రాలేదు. 2007లో ఐఫోన్ వచ్చాక దాని వారసుడే గొరిల్లా గ్లాస్. ఈ స్నానం పన్ను పింగాణీకీ చేయించి చూశారు. ల్యాబులో బలం పెరిగింది. కానీ నొక్కుడు పొర మరీ పలచన. క్యాప్ తొడిగాక "కొంచెం ఎత్తుగా తగులుతోంది డాక్టర్" అని మీరు అంటారు, ఆయన బర్‌తో నాలుగు గీకులు గీకుతాడు, ఆ పొర అక్కడ పోతుంది. ఫోను అద్దాన్ని ఎవరూ అలా గీకరు కదా.

పైపొర గురించి ఇంతసేపు "గీత పడకూడదు" అని చెప్పాను. ఇప్పుడు తిరగేసి చెబుతాను. 1930ల హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే డెంటిస్టు నటుల ముందు పళ్ళ మీద పలచటి పింగాణీ రేకులు అతికించేవాడు. గట్టిగా అతికే మందు లేదు కాబట్టి షూటింగ్ అయ్యాక తీసేయడమే. 1955లో బ్యూనోకోర్ అనే పరిశోధకుడు పంటి ఎనామెల్ మీద యాసిడ్ రాస్తే అది గరుకై, రెసిన్ పట్టుకుంటుందని చూపించాడు. 1983 వచ్చేసరికి పింగాణీ లోపలి వైపుకి కూడా యాసిడ్ పెట్టారు. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, చాలా ప్రమాదకరమైనది, గాజుని తినేస్తుంది. పింగాణీలోని గాజు భాగం కరిగి, తేనెపట్టులా సన్నటి గుంటలు పడతాయి. రెసిన్ వాటిలోకి దిగి గట్టిపడుతుంది. గుంటలు పడితే బలం తగ్గాలి కదా? ఉత్త పింగాణీ అయితే తగ్గుతుంది. కానీ రెసిన్ ఆ బీటల్ని నింపి, పలచటి రేకుని కింది పంటితో ఒకటి చేసేస్తుంది. ఈ రోజు వెనీర్లు అంటున్నవన్నీ ఇలా నిలబడ్డవే. పై వైపు నున్నగా, లోపలి వైపు గరుకుగా. ఒకే క్యాప్‌కి రెండు ముఖాలకి రెండు రకాల న్యాయం.

ఇక జిర్కోనియా. ఈ పేరు కోసమే చాలామంది వీడియో తెరిచి ఉంటారు.

జిర్కోనియాకి ఒక వింత ఉంది. సుమారు 1170 డిగ్రీల పైన దాని స్ఫటికాలు ఒక ఆకారంలో ఉంటాయి, చల్లబడితే ఇంకో ఆకారానికి మారతాయి. మారేటప్పుడు 4, 5 శాతం ఉబ్బుతాయి. అందుకే స్వచ్ఛమైన జిర్కోనియాని కాల్చి చల్లారిస్తే అదే పగిలిపోతుంది. కొంచెం యిట్రియా లాంటిది కలిపితే, చల్లారాక కూడా వేడి ఆకారాన్నే పట్టుకుని ఉంటుంది. మారాలనే కోరిక మాత్రం లోపల ఉంటుంది. 1975లో ఆస్ట్రేలియాకి చెందిన గార్వీ, హానింక్, పాస్కో అనే ముగ్గురు నేచర్ పత్రికలో ఒక వ్యాసం రాశారు, "సెరామిక్ ఉక్కా?" అనే అర్థం వచ్చే ప్రశ్నే దాని శీర్షిక. బీట ఒకటి వస్తోందనుకోండి, దాని కొస దగ్గర లాగుడికి స్ఫటికాలు ఆకారం మార్చుకుని ఉబ్బుతాయి. ఉబ్బి బీటని నొక్కేస్తాయి. పగలబోతున్న చోటే పగలకుండా ఆపే పదార్థం! నాకైతే సైన్సులో ఇంత అందమైన ఆలోచన తక్కువగా కనిపించింది.

కానీ ఆ కోరికే దాని బలహీనత కూడా. 1981లో కొబయాషి అనే జపాన్ పరిశోధకుడి బృందం గమనించింది: తేమ ఉంటే, పెద్ద వేడి లేకుండానే, ఈ స్ఫటికాలు పైపొర మీద ఒక్కొక్కటిగా ఆకారం మార్చుకుంటాయి. ఒకటి ఉబ్బితే పక్కదాని మీద ఒత్తిడి, దానికీ బీట, ఆ బీటలోంచి లోపలికి నీళ్ళు. గోడకి చెమ్మ పట్టి సున్నం పెచ్చులు లేచినట్టు.

ఆ దశాబ్దంలోనే ఫ్రాన్స్‌లో జిర్కోనియాని తుంటి కీలు మార్పిడిలో బంతిగా వాడటం మొదలైంది. 1980ల నుంచి ఎంతోమంది ఒళ్ళలోకి వెళ్ళింది, బాగానే పనిచేసింది. 1998లో "ప్రోజిర్" అనే బంతుల తయారీదారు ఒక మార్పు చేశారు. అప్పటిదాకా ఒక దఫా పెట్టి, కాల్చి, చల్లార్చి, తీసే బట్టీ. దాని బదులు ఒక పక్క నుంచి లోపలికి వెళ్ళి ఇంకో పక్క బయటికి వచ్చే టన్నెల్ బట్టీ పెట్టారు. పొడి అదే, బంతి అదే, పేరూ అదే. కాల్చే తీరు మారింది, అంతే. 2001లో కొద్ది కాలంలోనే సుమారు 400 బంతులు మనుషుల తుంటిలో పగిలిపోయాయి, ఎక్కువగా రెండు బ్యాచ్‌లవి. ఆ ఏడాది ఆగస్టులో కంపెనీ వాటిని వెనక్కి పిలిచింది. ఒంట్లో ఉన్నదాన్ని వెనక్కి పిలవడం అంటే ఏమిటో ఆలోచించండి. పగిలినవాళ్ళకి మళ్ళీ తుంటి కోయాలి, సెరామిక్ ముక్కలు ఏరాలి. పగలనివాళ్ళు రోజూ నడుస్తూ భయపడాలి. పరిశోధకులు దీన్ని, కాల్చడంలో వచ్చిన తేడా వల్ల కొన్ని బంతులు తేమకి చాలా తొందరగా ముసలివైపోవడంతో ముడిపెట్టారు.

జిర్కోనియా తుంటి నుంచి దాదాపు తప్పుకుంది. సరిగ్గా అదే టైములో పళ్ళలోకి అడుగు పెట్టింది. విడ్డూరం కదా. నోట్లో అంత పెద్ద విపత్తేమీ రాలేదు, అది చెప్పాలి. కానీ వేరే పాఠాలు నేర్పింది.

డుషాటోకి వచ్చిన సమస్య గుర్తుందా, కుంచించుకుపోవడం? జిర్కోనియా కూడా కాల్చితే పొడవులో దాదాపు 20 శాతం తగ్గుతుంది. ఇప్పుడు కంప్యూటరు ముందే లెక్కేసి, సుద్దలా మెత్తగా ఉన్న దిమ్మలోంచి పెద్ద సైజు క్యాప్ చెక్కుతుంది. 1500 డిగ్రీల దగ్గర కాలాక సరిగ్గా మీ పంటికి పట్టే సైజుకి వస్తుంది. రెండు శతాబ్దాల తలనొప్పి అలా తీరింది.

తర్వాతది చల్లార్చడం. మొదటి జిర్కోనియా క్యాపులు మరీ సున్నంలా తెల్లగా ఉండేవని పైన పింగాణీ పొర వేసేవారు. లోపలి జిర్కోనియా గట్టిగా ఉండేది, పై పింగాణీ పెచ్చులూడేది. ల్యాబుల్లో లోహపు క్యాపులకి అలవాటైనట్టే ఓవెన్‌లోంచి చటుక్కున తీసేవాళ్ళు. లోహం వేడిని త్వరగా వదిలేస్తుంది, జిర్కోనియా వదలదు. లోపల వేడి, బయట చల్లన, ఆ తేడా పింగాణీలో ఒత్తిడిగా ఇరుక్కుపోతుంది. నెమ్మదిగా చల్లార్చమని చెప్పాక పెచ్చులు తగ్గాయి. ఎవరికీ కనబడని ఆ కొన్ని నిమిషాలు.

ఇప్పుడు ఎక్కువగా పొర లేకుండా మొత్తం జిర్కోనియాతోనే చేస్తున్నారు. ఇక్కడే మీకు నేరుగా పనికొచ్చే విషయం. క్యాప్ ఎత్తు సరిచేయడానికి డాక్టర్ డైమండ్ బర్‌తో గీకుతారు, అది తప్పదు. గీకితే రెండు జరుగుతాయి. గీతలు పడతాయి, అది చెడు. గీకుడికి పైన స్ఫటికాలు ఉబ్బి నొక్కుడు పొర ఏర్పడుతుంది, అది కొంత మంచి. "గీకాం కదా, మళ్ళీ ఓవెన్‌లో పెడదాం" అంటే పింగాణీకి అది మేలే, గాజు భాగం కాస్త మెత్తబడి గీతలు పూడతాయి. జిర్కోనియాకి మాత్రం ఆ వేడికి ఉబ్బిన స్ఫటికాలు వెనక్కి తిరిగిపోయి నొక్కుడు పొర మాయమవుతుంది, గీతలు మాత్రం అలాగే మిగులుతాయి. ఒకే ఓవెను, ఒకదానికి మందు, ఇంకోదానికి నష్టం.

అందుకే గీకాక చేయాల్సింది పాలిషింగ్. వరసగా ముతక నుంచి మెత్తటి రబ్బరు పాలిషర్లతో అద్దంలా చేయాలి. మెరుపు కోసం పూసే గ్లేజ్ పూత ఎదురు పన్ను రాపిడికి అరిగిపోతుంది, దాని కింద గరుకు బయటపడుతుంది. గరుకు జిర్కోనియా ఆకురాయిలా ఎదురు పన్నుని తినేస్తుంది. నున్నగా పాలిష్ చేసిన జిర్కోనియా అలా చేయదు, ఇది చాలా పరిశోధనల్లో మళ్ళీ మళ్ళీ కనిపించింది. చాలామంది "జిర్కోనియా గట్టిది, ఎదురు పన్ను అరుగుతుంది" అంటారు. గట్టిదనం కంటే గరుకుదనమే ఎక్కువ తప్పు చేస్తుంది. కాబట్టి కుర్చీలోంచి లేచే ముందు "డాక్టర్ గారూ, గీకిన చోట పాలిష్ చేశారా?" అని మర్యాదగా ఒక్క మాట అడగండి. నాలుకతో మీరే తడిమి చూడండి, గరుకు మీకే తెలుస్తుంది.

కొత్తగా వస్తున్న పారదర్శక జిర్కోనియాలో యిట్రియా ఎక్కువ. వెలుతురు బాగా లోపలికి వెళ్ళి పన్నులాగే కనబడుతుంది, తేమకి ముసలితనం కూడా దాదాపు రాదు. కానీ ఆకారం మార్చుకుని బీటని ఆపే ఆ గుణం కూడా చాలావరకు పోయింది, బలం తక్కువ. ముందు పన్నుకి ఇది, దవడ పన్నుకి పాతది అని చాలామంది డాక్టర్లు వేరుచేసి వాడుతున్నారు. "జిర్కోనియా" అని బిల్లులో ఒకటే మాట ఉంటుంది, లోపల ఇన్ని రకాలు. మీ బిల్లులో ఏ రకం అని రాశారో చూసి కామెంట్లో పెట్టండి. వచ్చే వారం ఇంప్లాంట్ స్క్రూల కథ, టైటానియం ఎముకకి ఎలా అతుక్కుందో. ఉంటాను.